“ఇందులో నువ్వెక్కడున్నావు?” అని జ్యూరీ అడిగితే

ప్రశ్న: మేడమ్ గారూ, మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో ఫ్యాషన్ డిజైన్ మూడో సంవత్సరం చదువుతున్నాను. నాన్న కొబ్బరికాయల కొట్టులో గుమస్తా. అమ్మ ఇంటి దగ్గర జాకెట్లు కుడుతుంది. పోయిన ఏడాది జ్యూరీలో, అంటే మా పని చూసి మార్కులు వేసే పెద్దల ముందు, నా డ్రెస్సులు పెడితే చూసి “ఇలాంటివి నెట్‌లో ఎక్కడైనా దొరుకుతాయి, ఇందులో నువ్వెక్కడున్నావు?” అన్నారు. అందుకని ఈసారి కొబ్బరాకులు, పడవలు ప్రింట్ వేయించి, అంచులకు నరసాపురం లేసు కుట్టాను. “టూరిజం పోస్టర్‌లా ఉంది” అన్నారు. ఏం చేసినా తప్పే అయితే నేనేం చెయ్యాలండీ? క్లాసులో నేను ‘ఆయ్’ అంటే చాలు, అందరూ అదే మాట పట్టుకుని ఆట పట్టిస్తారు. అమ్మకి బొటీక్ ఉందని అందరికీ చెప్పుకున్నాను. చుట్టాలేమో “ఇన్ని లక్షలు పోసి టైలరవుతావా?” అంటున్నారు. వేసవిలో ఇంటర్న్‌షిప్‌కి రెండు చోట్ల రమ్మన్నారు. ఒకటి పేరున్న డిజైనర్ స్టూడియో, జీతం లేదు, వాళ్ల ఇన్‌స్టాగ్రామ్ పేజీ నడపాలి. రెండోది నగరం బయట బట్టలు ఎగుమతి చేసే ఫ్యాక్టరీ, కొద్దిగా స్టైపెండ్ ఇస్తారు. ఫ్రెండ్స్ అందరూ మొదటిదానికే వెళ్లమంటున్నారు. త్రీడీ సాఫ్ట్‌వేర్ కోసం అప్పు చేసి పెద్ద లాప్‌టాప్ కొనాలా అన్నది కూడా తేల్చుకోలేకపోతున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది. నా పేరు వెయ్యకండి.

సమాధానం: తల్లీ, జ్యూరీ వాళ్లు రెండుసార్లూ అడిగింది ఒకటే. అడిగి వదిలేశారు గానీ, ఆ ప్రశ్నని ఎలా అందుకోవాలో చెప్పలేదు. అందుకే నీకు ఒకదానికొకటి పొసగని మాటల్లా వినిపించాయి. ఎన్నో ఏళ్లుగా కటింగ్, కుట్టు నేర్పుతున్నదాన్ని కాబట్టి నాకు తెలిసినంత వరకు విప్పి చెబుతాను.

నువ్వు వేయించిన కొబ్బరాకులు తీసేసి ఆ చోట ఈఫిల్ టవర్ వేయించావనుకో. గౌనులో ఏమైనా మారుతుందా? కట్ అదే, డాట్లు అవే, జిప్పు ఉన్నచోటే ఉంటుంది. అంటే మీ ఊరు గుడ్డ పైకి వచ్చింది కానీ గౌనులోకి రాలేదు. లేసు సంగతీ అంతే. అంచుకి కుట్టిన లేసు విప్పేస్తే నీ డ్రెస్సు చెక్కుచెదరకుండా నిలబడుతుందంటే, దానితో నీకు పని పడలేదన్నమాట. పోయిన ఏడాది డ్రెస్సులు నెట్‌లో చూసినవి. ఈ ఏడాది నీ ఊరిని కూడా నువ్వు నెట్‌లో చూసినట్టే చూశావు. పడవలు, కొబ్బరిచెట్లు, గోదారి మీద సూర్యాస్తమయం అన్నీ బయటి నుంచి వచ్చినవాళ్లు ఫొటో తీసుకునేవి. ఆ ఊళ్లో పెరిగినదానివి, నీ కంట పడినవి వేరే ఉంటాయి.

ఏమిటవి? మీ ఇంట్లో కుట్టు మిషన్ ఉన్న గదిలోనే మొదలుపెడదాం.

ఎవరైనా జాకెట్ కుట్టించుకోవడానికి వచ్చినప్పుడు మీ అమ్మ ఏం చేస్తుందో పుట్టినప్పటి నుంచీ చూస్తున్నావు. అందుకే అందులో నీకు విశేషం కనిపించదు. మంచి చెయ్యి ఉన్నవాళ్లు చాలామంది చేసే పద్ధతి చెబుతాను, మీ అమ్మా ఇలాగే చేస్తుందేమో చూడు. వచ్చినావిడ ఆది జాకెట్, అంటే కొలతకి తెచ్చిన పాత జాకెట్, చేతికిస్తుంది. టేపు తీసే ముందు ఆ జాకెట్‌ని లోపలి వైపుకి తిప్పి మిషన్ బల్ల మీద పరుస్తారు. చంక కింద కుట్టు ఎక్కడ సాగింది, ఏ హుక్కు వంగింది, వీపు మీద గుడ్డ ఏ వైపుకి లాగింది, చెమటకి రంగు ఎక్కడ పోయింది, ఇవన్నీ చూస్తారు. “ఎడమ భుజం జారుతోందా వదినా? చెయ్యి ఎత్తితే పట్టేస్తోందా?” అని అడుగుతారు. అప్పుడు టేపు తీస్తారు. కుట్టేటప్పుడు పక్కల లోపల వేలెడు వెడల్పున గుడ్డ వదిలి, రెండు మూడు వరుసలు కుట్టు వేస్తారు. ఒళ్లు చేస్తే ఒక వరుస విప్పుకోవచ్చు. పురుడయ్యాక ఇంకో వరుస విప్పుకోవచ్చు. మళ్లీ తగ్గితే మళ్లీ వేసుకోవచ్చు. అంటే ఆ జాకెట్ మనిషి ఒంటితో పాటు కొన్నేళ్లు నడుస్తుంది.

మీ కాలేజీలో దీన్ని ఫిట్ అనాలిసిస్ అంటారు, వాడకం మీద పరిశోధన అంటారు. ఒక సెమిస్టర్ పాఠంగా చెబుతారు. ఆ పాఠం మీ ఇంట్లో రోజూ జరుగుతోంది.

ఇలాంటిదే ఇంకొకటి. ఆడపిల్లల పట్టు లంగాలకి కిందివైపు వెడల్పాటి టక్కు వేసి కుట్టేవారు, గుర్తుందా? పిల్ల పొడుగయ్యేకొద్దీ టక్కు విప్పితే లంగా కిందికి దిగేది. విప్పినచోట పాత మడత గీత, దాని కింద ఎండ తగలని గుడ్డ కొత్త రంగులో కనిపించేది. కుట్టేవాళ్లు ఆ గీతని దాచడానికి నానా తంటాలు పడేవారు. నువ్వు డిజైనర్‌వి కాబట్టి దాన్ని దాచక్కర్లేదు. విప్పేకొద్దీ లోపలి నుంచి కొత్త రంగో కొత్త అల్లికో బయటపడేలా ఒక డ్రెస్సు ఆలోచించు. ఆ డ్రెస్సు మీద ఒక్క కొబ్బరాకు లేకపోయినా, జ్యూరీ అడిగినప్పుడు నువ్వు చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఇది నా ఊహ మాత్రమే, దీన్నే చేసెయ్యకు. నీ కంట పడింది నువ్వు వెతుక్కో. ఎలా వెతకాలో తెలుస్తుందని చెప్పాను.

మీ అమ్మ కొలతల పుస్తకం కూడా ఒకసారి అడిగి తీసుకో. పాతవేవైనా అటక మీద ఉంటే దింపు. ఛాతీ, నడుం, భుజం, చంక రౌండ్, చేతి పొడవు అన్నీ వరసగా ఉంటాయి. ఒకే మనిషికి పెళ్లప్పుడు, ఇద్దరు పిల్లలయ్యాక, అరవై దాటాక ఎంతెంత ఉందో అందులో కనిపిస్తుంది. మన దేశంలో రెడీమేడ్ బట్టల కొలతలు చాలాకాలం విదేశీ పట్టికల మీద నడిచాయి. మనవాళ్ల ఒంటికి తగ్గ పట్టిక కావాలనే జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్ వాళ్లు ఇండియాసైజ్ పేరుతో త్రీడీ స్కానర్లు పెట్టి వేలమందిని కొలిచారు. అంత పెద్ద పని ఎందుకు అవసరమైందో మీ అమ్మ పుస్తకం తిరగేస్తే నీకే తెలుస్తుంది. అందులోని పేర్లు మాత్రం ఎవరికీ చూపించకు, నీ రికార్డులో ఎక్కించకు. నమ్మి ఒళ్లు కొలిపించుకున్నవాళ్లు వాళ్లంతా.

ఇక లేసు. నీకు కోపం వచ్చినా సరే, ఇది కాస్త గట్టిగానే చెబుతాను. రేవు దాటితే నరసాపురం. పంటు ఎక్కితే వెళ్లిపోవచ్చు. మీ వైపు ఊళ్లలోనూ అరుగుల మీద కూర్చుని లేసు అల్లే ఆడవాళ్లు ఉన్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని అది. తరతరాలుగా ఇళ్లలోనే సాగి, 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దాకా వచ్చింది. ఏజెంట్లు దారం ఇచ్చి వెళతారు, అల్లిన ముక్కలు తీసుకుంటారు, ముక్కకింత అని కూలి. పువ్వులు అల్లేది ఒకరు, వాటిని కలిపి అతుకుపని చేసేది మరొకరు. ఇంత దగ్గరుండి, నువ్వు కొట్లో మీటరు లెక్కన లేసు కొని అంచుకి కుట్టావా? ఈసారి సెలవులకి వెళ్లినప్పుడు ఒకావిడ పక్కన కూర్చో. క్రోషా సూది పట్టుకుని, చిన్నదైనా సరే, ఒక పువ్వు నీ చేత్తో అల్లు. అతుకుపని దగ్గర ఆగి చూడు. విడివిడి ముక్కల్ని కలిపి ఎంత పెద్ద గుడ్డయినా, ఎలాంటి ఆకారమైనా తెచ్చే పద్ధతి అది. కత్తెర పెట్టకుండా భుజం వంపు, చంక వంపు తేవచ్చు. అప్పుడు ఆ లేసు డ్రెస్సుకి అంచుగా మిగలదు, కుట్టు చేసే పనంతా అదే చేస్తుంది. ఆవిడ నీకోసం అల్లితే కూలి ముందే మాట్లాడుకుని చేతిలో పెట్టు. ఆవిడ ఒప్పుకుంటే నీ రికార్డులో ఆవిడ పేరు రాయి.

ఉప్పాడ జామ్దానీ ముట్టుకునే రోజు వస్తే, అదీ ఇలాగే చూడు. 2009లోనే ఆ జీఐ గుర్తింపు వచ్చిన నేత అది. మగ్గం దగ్గర ఇద్దరు కూర్చుని, బుటా కోసం వేరే పోగులు చేత్తో వేస్తూ నేస్తారు. వెనకవైపు పోగులు వేలాడవు, ముందూ వెనకా ఒకేలా ఉంటుంది. మరి అలాంటి గుడ్డకి అలవాటుగా లైనింగ్ వేశావంటే, నేసినవాళ్ల పనితనంలో సగం కప్పేసినట్టే. లైనింగ్ లేకుండా, లోపలి కుట్లు కూడా అందంగా కనిపించేలా ఎలా కుట్టాలి? ఆ చిక్కు విప్పడానికి నువ్వు పడే పాట్లలోంచి నీ చేతికి ఒక తీరు వస్తుంది.

గుర్తింపు గురించి నేను నమ్మేది ఇదే. నేనెవరు అన్నది ముందు తేల్చుకుని తర్వాత బట్టలు కుట్టడం ఎవరివల్లా కాదు. చేతికి పని వచ్చేకొద్దీ, నువ్వు పదే పదే దేని దగ్గర ఆగుతున్నావో, దేనికి ఒప్పుకోవడం లేదో బయటపడుతుంది. ఇరవై ఏళ్ల పిల్లని పట్టుకుని నీ గుర్తింపు ఏదని నిలదీస్తే ఏం చెబుతుంది? నీకింకా టైమ్ ఉంది. పని నేర్చుకోవడానికి మాత్రం ఇదే సమయం.

ఏ పని అంటావా? ప్యాటర్న్, అంటే గుడ్డ కత్తిరించే ముందు కాగితం మీద వేసుకునే నమూనా. డ్రాయింగ్ బాగా వేసేవాళ్లు క్లాసుకి పదిమంది ఉంటారు, వేసిన బొమ్మని గుడ్డలో నిలబెట్టేవాళ్లు ఇద్దరు దొరకడం కష్టం. సెలవుల్లో ద్వారపూడి మార్కెట్‌కి వెళ్లి చౌకలో కోరా గుడ్డ తెచ్చుకో. ఒకే మూల నమూనా, అంటే బాడీ బ్లాక్‌ని నలుగురికి వేసి చూడు: నీకు, మీ అమ్మకి, మీ అమ్మమ్మకి, పక్కింటి బక్కపిల్లకి. బిగుతుగా లాగే ముడతలు ఎటు చూపిస్తే అటు గుడ్డ చాలడం లేదని అర్థం. అక్కడ కత్తిరించి విప్పు, ఎంత తెరుచుకుందో కొలువు, ఆ కొలత కాగితం ప్యాటర్న్ మీదికి ఎక్కించు. పడుగు నిలువుగా పెట్టి ఒకసారి, అదే ముక్క క్రాస్‌లో పెట్టి ఒకసారి కట్ చెయ్యి. ఒకే గుడ్డ రెండు రకాలుగా ఒంటి మీద పడుతుంది. అమ్మమ్మకి వీపు కాస్త వంగి ఉంటే ముందు భాగం కిందికి జారి, వెనక భాగం పైకి లేస్తుంది. దాన్ని సరిచెయ్యడం ఒక్కటి వచ్చిందంటే, ఏ స్టూడియోలోనైనా నీకు కుర్చీ వేస్తారు.

రెండోది ఖర్చు లెక్క. నువ్వు కుట్టిన ఒక్క డ్రెస్సుకి అసలు ఎంతయిందో రాయి. గుడ్డ, లైనింగ్, దారం, జిప్పు, కత్తిరింపుల్లో పోయిన గుడ్డ, కటింగ్, కుట్టు కూలి, ఇస్త్రీ, బస్సు చార్జీ, నీ గంటలు. చాలామంది పిల్లలు గుడ్డ ధరకి రెండింతలు వేసి అదే ధర అనుకుంటారు. తర్వాత సొంతంగా పెట్టుకుని అందులోనే మునుగుతారు. మీ అమ్మకి ఈ లెక్క నోటికి వచ్చి ఉంటుంది, ఒక్క తన గంటలకి తప్ప. ఆ గంటలు కూడా కలిపి ఒక కాగితం మీద ఆవిడకి చూపించు.

ఇప్పుడు ఇంటర్న్‌షిప్. ఫ్యాక్టరీకి వెళ్లు. జీతం ఇవ్వకుండా ఇన్‌స్టాగ్రామ్ నడపమన్న చోట నువ్వు నేర్చుకునేది ఇన్‌స్టాగ్రామే, బట్ట కాదు. పైగా నగరంలో రెండు నెలల హాస్టల్, తిండి ఖర్చు మీ నాన్న భరించాలి. ఆ స్టూడియో వాళ్లు ప్యాటర్న్ మాస్టర్ పక్కన కూర్చోబెడతాం అని ఉంటే నా సలహా వేరుగా ఉండేదేమో. ఫ్యాక్టరీలో మాత్రం చేరకముందే ఒక మాట అడుగు: “నన్ను శాంప్లింగ్‌లో ఎన్నాళ్లు ఉంచుతారు?” నమూనా బట్టలు కుట్టే విభాగం అది. అడగకపోతే దారాలు కత్తిరించే ఫినిషింగ్ టేబుల్ దగ్గరే వేసవంతా గడిచిపోయే ప్రమాదం ఉంది. శాంప్లింగ్‌లో ఫిట్ శాంపిల్ ఎలా తయారవుతుంది, దాని మీద కొనేవాళ్లు ఏం రాసి పంపుతారు, అన్ని సైజుల్లోనూ కుట్టి చూసే సైజ్ సెట్ ఎలా వేస్తారు, ప్రొడక్షన్ మొదలయ్యే ముందు వేసే శాంపిల్‌కి ఎందుకంత హడావుడి, ఇవన్నీ చూస్తావు. ఒక డ్రెస్సు ఎలా కుట్టాలో కొలతలతో సహా చెప్పే టెక్ ప్యాక్ చదవడం, రాయడం అక్కడే పట్టుబడుతుంది. మాస్టర్‌ని గారూ అని పిలిచి, టీ టైములో అడిగితే కాలేజీలో చెప్పనివి చెబుతారు. తేదీలు, స్టైపెండ్, ఏ విభాగం అన్నవి ఒక లెటర్ మీద రాయించుకో. తిరిగి వచ్చేసరికి రాత్రయ్యేలా ఉంటే కంపెనీ వ్యాన్ ఉందో లేదో కూడా కనుక్కో.

‘ఆయ్’ సంగతి. నవ్వేవాళ్లు ఎక్కువ రోజులు నవ్వరు, వాళ్ల జాకెట్ చంక దగ్గర పట్టేసినప్పుడు నీ దగ్గరికే వస్తారు. యాస మార్చుకోకు. ఇంగ్లిష్ మాత్రం నేర్చుకో, అది వేరే విషయం. మెయిళ్లు, టెక్ ప్యాకులు అన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి తప్పదు. నీకు కావలసింది ధారాళంగా ఉపన్యాసం చెప్పే ఇంగ్లిష్ కాదు, పనికి సంబంధించిన కొన్ని వందల మాటలు, చిన్న చిన్న వాక్యాలు. జ్యూరీకి ముందు, ఏం చేశాను, ఎందుకు చేశాను, ఎక్కడ కుదరలేదు, ఎలా సరిచేశాను అన్నవి పది వాక్యాల్లో రాసుకుని, డ్రెస్సు చేత్తో పట్టుకుని బయటికి చదువుతూ ప్రాక్టీస్ చెయ్యి. చేతిలో గుడ్డ ఉంటే మాట తడబడదు. జ్యూరీలో తెలుగువాళ్లుంటే, ఇరుక్కున్నచోట తెలుగులో చెప్పడానికి అనుమతి అడగడం తప్పేమీ కాదు.

బొటీక్ అబద్ధం గురించి నిన్ను తిట్టను. నలుగురిలో చిన్నబోకూడదని అన్నావు. కానీ దానివల్ల నీకే ఎక్కువ నష్టం, ఎందుకంటే నీ దగ్గరున్న అసలైన సరుకంతా ఆ అబద్ధం వెనకే దాగింది. ఆది జాకెట్ గురించి, కొలతల పుస్తకం గురించి జ్యూరీలో చెప్పాలంటే మీ అమ్మ జాకెట్లు కుడుతుందని చెప్పాలి కదా. అందరినీ కూర్చోబెట్టి ఒప్పుకోలు ప్రకటన చెయ్యక్కర్లేదు. వచ్చే ప్రాజెక్టు మొదటి పేజీలోనే “మా అమ్మ ఇంటి దగ్గర జాకెట్లు కుడుతుంది. ఈ పని ఆవిడ దగ్గర మొదలైంది” అని రాసెయ్. ఎవరైనా అడిగితే అప్పుడలా అన్నాను, అసలు సంగతి ఇది అని చెప్పు. ఒకరిద్దరు గుసగుసలాడుకుంటారు, వారం తర్వాత ఎవరికీ గుర్తుండదు.

చుట్టాలకి జవాబు చెప్పాల్సిన పని నీకు లేదు. ఫీజు కట్టేది మీ నాన్న, ఆయన అడిగితే మాత్రం కూర్చోబెట్టి వివరంగా చెప్పు. ప్యాటర్న్ మేకర్, మర్చండైజర్, శాంప్లింగ్ కోఆర్డినేటర్, సినిమాలకి కాస్ట్యూమ్స్ చేసేవాళ్లు, నేత సంఘాలతో పనిచేసేవాళ్లు అని ఈ చదువులోంచి వెళ్లే దార్లు చాలా ఉన్నాయి. మొదటి జీతాలు పెద్దగా ఉండవని కూడా దాచకుండా చెప్పు. డబ్బు తెచ్చి పోస్తున్న మనిషికి నిజం తెలియాలి.

ఇక లాప్‌టాప్. ఇప్పుడు అప్పు చెయ్యకు. త్రీడీ సాఫ్ట్‌వేర్ మంచిదే, కంపెనీలు వాడుతున్నాయి. కానీ ప్యాటర్న్ తప్పుగా ఉంటే తెర మీద కూడా అది తప్పుగానే పడుతుంది. ఆ తప్పు ఎందుకు వచ్చిందో కోరా గుడ్డ మీద చేసినవాళ్లకే తెలుస్తుంది. కాలేజీ ల్యాబ్‌లో ఆ సాఫ్ట్‌వేర్ ఉందేమో అడుగు. ఉంటే సాయంత్రాలు ఖాళీగా ఉండే గంటలు నీ పేరు మీద రాయించుకో. ఫ్యాక్టరీలో వాళ్లు ఏది వాడుతున్నారో, దానికి ఎలాంటి మిషన్ కావాలో కళ్లతో చూశాక, నాలుగో సంవత్సరంలో అవసరమనిపిస్తే అప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చూసుకోవచ్చు. ఫ్యాక్టరీ వాళ్లకి జవాబు మాత్రం ఈ వారంలోనే పంపు, శాంప్లింగ్ గురించిన ప్రశ్న అందులోనే అడిగెయ్.